ఊడిపోయే పన్నే కదా అనుకోకండి

పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం మా ఊళ్ళో ఇప్పటికీ ఉంది. కొత్త పన్ను తొందరగా, తిన్నగా రావాలని దాని అర్థం. ఆ సంబరం నాకూ ఇష్టమే. కానీ పాలపన్ను గురించి మనం అనే మాట ఇంకొకటుంది: "ఊడిపోయే పన్నే కదా!" నల్గొండ జిల్లాలో ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాల టీచరుని. ఆ మాటకు మూల్యం చెల్లించిన పిల్లల్ని ఎందరినో చూశాను. మధ్యాహ్న భోజనం దగ్గర వాళ్ళను ఇట్టే గుర్తుపట్టవచ్చు. ఒక దవడతోనే నములుతారు. ఉడికిన గుడ్డు తింటారు, కూరలో ముక్క గట్టిగా తగిలితే పక్కన పెట్టేస్తారు. ఏమైందని అడిగితే "ఆకలైతలేదు టీచర్" అంటారు.

మా మేనకోడలు తన కొడుక్కి మూడేళ్ళు నిండిన కొత్తలో వాణ్ణి మా ఇంటికి తీసుకొచ్చింది. "అత్తమ్మా, వీని ముందటి పండ్లు పొట్టు లేచినట్టు రాలిపోతున్నయి. ఏడ పడలేదు కూడా" అంది. వాణ్ణి కిటికీ దగ్గర ఒళ్ళో పడుకోబెట్టుకుని పై పెదవి ఎత్తాను. ముందు పళ్ళు నాలుగూ చిగురు దగ్గర గోధుమరంగుకు తిరిగాయి. అంచులు బెల్లప్పొడిలా చితికి ఉన్నాయి. వాటి పక్కన కోరపళ్ళ మీద, చిగురును ఆనుకుని, సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్ల గీత. ఆరు నెలల ముందే ఒక డాక్టరుకు చూపించిందట. "పాలపళ్ళే కదమ్మా, ఊడిపోతాయి" అని పంపేశారట. పోయిన ఆ ఆరు నెలలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

పాలపళ్ళు మొత్తం ఇరవై. వెనకవైపు దవడ పన్ను రెండున్నరేళ్ళ ప్రాంతంలో వస్తుంది, పది పన్నెండేళ్ళకు గానీ ఊడదు. మూడో ఏట అది పుచ్చిందంటే ఇంకా ఏడెనిమిదేళ్ళు ఆ నొప్పితోనే తినాలి, నిద్రపోవాలి, ఎక్కాలు చదవాలి. ముందే తీసేస్తే పక్క పళ్ళు ఖాళీలోకి ఒరిగి, అసలు పన్నుకు దారి మూసుకుపోతుంది. వేరు కింద చీము చేరితే లోపల తయారవుతున్న శాశ్వత పన్ను పైపొర కూడా దెబ్బతినవచ్చు.

నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

మొదటి పన్ను మొలిచిన నాటి నుంచీ ఇది చేయాలి. పగటి వెలుతురులో బిడ్డ తలను ఒళ్ళో పెట్టుకుని, శుభ్రమైన మెత్తటి గుడ్డతో పళ్ళు తుడిచి, పై పెదవి ఎత్తి చిగురు అంచును చూడండి. తడి ఆరితేనే తెల్ల గీత తెలుస్తుంది. పుచ్చుకు అదే తొలి గుర్తు. అప్పటికి గుంట పడలేదు, పంటి పైపొరలోంచి ఖనిజం కరగడం మాత్రం మొదలైంది. ఆ దశలో వెనక్కి మళ్ళించవచ్చు. గోధుమరంగు వచ్చినా, మెత్తబడినా ఇక ఇంటి వైద్యం పనికిరాదు.

మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి దంతవైద్యులకు చూపించండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి. నొప్పి వచ్చిందంటే పుచ్చు చాలా లోతుకు దిగిందని అర్థం.

ఎంత తిన్నారని కాదు, ఎన్నిసార్లు తిన్నారని చూడండి

పుచ్చు గురించి పరిశోధకులు చెప్పిన వాటిలో తల్లిదండ్రులు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం వదులుతాయి. వాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను 1924లోనే క్లార్క్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ పళ్ళ మీది పాచిలో ఆమ్లత ఎంతుందో కొలిచి చూశాడు. గ్లూకోజు నీళ్ళు పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే ఆమ్లత బాగా పెరిగింది, మళ్ళీ మామూలు కావడానికి అరగంట నుంచి గంట పట్టింది. ఆమ్లత పెరిగేకొద్దీ పీహెచ్ తగ్గుతుంది. అది దాదాపు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత లాలాజలం వచ్చి పోయిన ఖనిజాన్ని మళ్ళీ పూడుస్తుంది. బిడ్డ చేతిలో పొద్దస్తమానం బిస్కెట్ ప్యాకెట్ ఉంటే లాలాజలానికి ఆ వ్యవధి ఎక్కడ దొరుకుతుంది?

దీన్ని మనుషుల మీద రుజువు చేసింది స్వీడన్‌లోని వీపెహోల్మ్ ప్రయోగం. లుండ్ దగ్గరి ఆ ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్నవారిని ఉంచేవారు. 1945 నుంచి కొన్నేళ్ళపాటు వాళ్ళకు తీపిని రకరకాలుగా పెట్టి చూశారు. 1954లో ఫలితాలు అచ్చయ్యాయి. భోజనంతో కలిపి తీపి తిన్నవారికి పుచ్చు కొద్దిగానే పెరిగింది. భోజనాల మధ్య పంటికి అతుక్కునే టాఫీలు తిన్నవారి పళ్ళు దారుణంగా పాడయ్యాయి. కాదనే తెలివి లేనివాళ్ళ మీద, అనుమతి అడగకుండా చేసిన ప్రయోగమది. ఈ రోజు ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. వాళ్ళ పళ్ళు పాడైపోతే మనకు తెలిసిన సంగతి కాబట్టి దాన్ని ఊరికే పోనివ్వకండి.

తీపి పెట్టాలనుకుంటే భోజనంతోనే పెట్టండి. పండగ రోజు అన్నంతో పాటు రెండు అరిసెలు తిన్న పిల్లాడికంటే, రోజంతా ఒక్కో జీడి చప్పరించిన పిల్లాడికే ప్రమాదం ఎక్కువ. తిన్నాక మంచినీళ్ళు తాగించండి. బెల్లం, తేనె మంచివని మినహాయించకండి, పంటికి అవీ చక్కెరే. పాలల్లో ముంచిన బిస్కెట్ మెత్తగా దవడ పన్ను గాడుల్లో ఇరుక్కుంటుంది. వేసవిలో గుక్కగుక్కగా తాగించే గ్లూకోజు నీళ్ళు కూడా అంతే.

పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. మేనకోడలి కొడుకైన మా మనవడి నాలుగు పళ్ళకూ అదే జరిగింది, పైగా అవి చక్కెర కలిపిన పాలు. మానిపించడం కష్టమని నాకు తెలుసు. మేం సీసాలో పాలను రోజు రోజుకూ నీళ్ళతో పలచన చేసుకుంటూ పోయాం. రెండు వారాలకు వట్టి నీళ్ళే మిగిలాయి, మూడో వారం వాడే సీసాను విసిరికొట్టాడు. పీకకు తేనె రాసి ఇవ్వకండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. దగ్గు సిరప్‌లు, టానిక్‌లు తియ్యగా ఉంటాయి. రాత్రి వేయాల్సి వస్తే పళ్ళు తోమే ముందే వేయండి.

తల్లిపాలు మాత్రం పళ్ళ భయంతో మానకండి. ఏడాది దాటాక రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంచుకుని నిద్రపోయే బిడ్డకు పుచ్చు ప్రమాదం కొంత పెరుగుతుంది. దానికి విరుగుడు పడుకునే ముందు పళ్ళు శుభ్రం చేయడమే. అలాగే, తల్లి నోట్లోని సూక్ష్మజీవులు బిడ్డకు చేరతాయని తెలిశాక కొందరు ఒకే చెంచాతో తినిపించడానికీ జంకుతున్నారు. చెంచా వేరు చేసినంత మాత్రాన పుచ్చు ఆగుతుందని రుజువు కాలేదు. అమ్మ తన పుచ్చుపళ్ళకు వైద్యం చేయించుకోవాలి, గోరుముద్దలు మాత్రం ఆపనక్కర్లేదు.

పేస్టు: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత

మూడేళ్ళలోపు బిడ్డకు బ్రష్ మీద బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళకు బఠానీ గింజంత. టీవీ ప్రకటనల్లో బ్రష్ ఈ కొస నుంచి ఆ కొస దాకా మెలికలు తిరిగేదంతా చూపించడానికే. అంత ఎప్పుడూ వేయకండి.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి. ఎన్నో దేశాల ప్రయోగాలను 2003లో ఒక్కచోట కూర్చి చూసిన కాక్రేన్ సమీక్షలో, ఫ్లోరైడ్ పేస్టు పిల్లల శాశ్వత పళ్ళ పుచ్చును దాదాపు 24 శాతం తగ్గించిందని తేలింది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నిబంధన. బొమ్మలున్న పిల్లల పేస్టుల్లో చాలావాటిలో అది సగమో, అంతకంటే తక్కువో ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి కొనండి.

రోజుకు రెండుసార్లు, అందులో రాత్రి పడుకునే ముందుది తప్పనిసరి. ఆ తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి. తోమాక నురుగు ఉమ్మించండి, కానీ గ్లాసుల కొద్దీ నీళ్ళతో పుక్కిలించి పంపకండి. పంటి మీద మిగిలిన కాస్త ఫ్లోరైడే రాత్రంతా కాపాడుతుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా మీరే తోమండి. చొక్కా గుండీలు తనంతట తాను చకచకా పెట్టుకోలేని చేతికి వెనక దవడ దాకా బ్రష్ తిప్పడం రాదు.

బూడిద, ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి, ఎర్రటి గరుకు పళ్ళపొడులు పిల్లలకు వాడకండి. పాలపంటి పైపొర పలచన, అరిగిపోతుంది. వేపపుల్ల పెద్దవాళ్ళ అలవాటు. చిన్నపిల్లల చిగుళ్ళు గీసుకుపోతాయి, పైగా అందులో ఫ్లోరైడ్ ఉండదు.

ట్యూబును మాత్రం అటక మీద దాచండి. ఇది అతిజాగ్రత్త కాదు. 1000 పీపీఎం పేస్టు వంద గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటి కడుపులోకి వెళితే విషప్రభావం ఉండవచ్చని వైద్యులు లెక్కగడతారు. అంటే పది కిలోల బిడ్డకు సగం ట్యూబు. స్ట్రాబెర్రీ రుచి ఉన్న ట్యూబును ఏడాదిన్నర పిల్ల సగం పిండుకుని తినడం అసాధ్యమేమీ కాదు. కొంచెం మింగితే పాలు తాగించండి. ఎక్కువ మింగిందని అనుమానమున్నా, వాంతులు మొదలైనా ఆ ట్యూబుతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి.

మన నీళ్ళు వేరు

ఫ్లోరైడ్ అనగానే మా జిల్లాలో తల్లులు ఉలిక్కిపడతారు. పడరూ మరి! వంగిన వీపులు, బిగుసుకుపోయిన మోకాళ్ళు, గారపట్టిన పళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళం. మన దేశంలో ఈ జబ్బు, అంటే ఫ్లోరైడ్ మితిమీరితే వచ్చే ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. ఆ గ్రామాలు తర్వాత చాలావరకు ప్రకాశం జిల్లాలో చేరాయి. పటికా, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించి, దానికి మా ఊరి పేరే పెట్టింది: నల్గొండ పద్ధతి.

పుచ్చును ఆపేదిగా లోకం ఫ్లోరైడ్‌ను గుర్తించింది కూడా ఇలాంటి గారపళ్ళ నుంచే. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన ఫ్రెడరిక్ మెక్‌కే అనే దంతవైద్యుడు అక్కడివాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూశాడు. ఆ పళ్ళు చూడ్డానికి బాగోకపోయినా అంత తేలిగ్గా పుచ్చడం లేదని తర్వాత గమనించాడు. 1931లో నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని తేలింది. 1945 జనవరిలో గ్రాండ్ రాపిడ్స్ పట్టణం ప్రపంచంలోనే తొలిసారి కుళాయి నీళ్ళలో లీటరుకు దాదాపు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ కలిపింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చు 60 శాతానికి పైగా తగ్గింది. అక్కడ మందుగా కలుపుకున్నదాన్నే మా బోర్లలోంచి తీసెయ్యడానికి మేం పాట్లు పడ్డాం. మోతాదులోనే ఉంది తేడా అంతా.

కాబట్టి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు ముందు తాగే నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కుళాయిలో నది నీళ్ళు వస్తుంటే తాగడానికీ వంటకూ అవే వాడండి, అలవాటుగా బోరు దగ్గరికి వెళ్ళకండి. ఎనిమిదేళ్ళలోపే శాశ్వత పళ్ళ పైపొర తయారవుతుంది కాబట్టి ఆ వయసు పిల్లల బిందె ముందు మార్చండి. ఫ్లోరైడ్ మాత్రలు ఇవ్వకండి. ఆరేళ్ళలోపు వాళ్ళకు ఫ్లోరైడ్ మౌత్‌వాష్ వద్దు. ఇక పేస్టు సంగతి. బోరునీళ్ళే దిక్కైతే దంతవైద్యులను అడిగి నిర్ణయించుకోండి. మిగిలినవాళ్ళు నల్గొండ పేరు విని పేస్టు మానేయకండి. గారపళ్ళు కూడా పుచ్చుతాయి.

గారకూ పుచ్చుకూ తేడా చూపు ఆనితే తెలిసిపోతుంది. ఫ్లోరోసిస్ గీతలు పన్నంతటా అడ్డంగా, కుడివైపు పన్నుకూ ఎడమవైపు పన్నుకూ ఒకేలా ఉంటాయి. పుచ్చు మచ్చ చిగురు దగ్గరో, పళ్ళ సందులోనో, దవడ పన్ను గాడిలోనో ఉంటుంది.

ఆరేళ్ళ పన్ను

ఒకటో తరగతి పిల్లల తల్లులకు ఏటా చెబుతాను. ఆరేళ్ళ ప్రాంతంలో దవడకు అన్నింటికన్నా వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద పన్ను వస్తుంది. అది పాలపన్ను కాదు, జన్మంతా ఉండాల్సిన పన్ను. పైకి వచ్చే నెలల్లో మిగతా పళ్ళ కంటే కిందికి ఉండడంతో బ్రష్ అందదు, అందుకే తొందరగా పుచ్చుతుంది. బ్రష్‌ను అడ్డంగా పెట్టి తోమండి. గాడుల్ని మూసేసే సీలెంట్ పూత వేయించవచ్చేమో అడగండి. నొప్పి ఉండదు, సూది ఉండదు.

డాక్టరు దగ్గర

పుచ్చుపన్నంటే డ్రిల్లు, సూది, ఏడుపు అనే రోజులు పోతున్నాయి. జపాన్‌లోని ఒసాకాలో రూపుదిద్దుకున్న సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రవానికి 1970 నాటికే ఆ దేశం అనుమతి ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. దాన్ని పుచ్చు మీద చుక్కగా రాస్తారు. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, ఫ్లోరైడ్ పన్నును గట్టిపరుస్తుంది. 38 శాతం ద్రవం రాసిన పాలపళ్ళ పుచ్చుల్లో దాదాపు 80 శాతం ఆగిపోయాయని పరిశోధనల సమీక్షల్లో కనిపిస్తుంది. అయితే పుచ్చు భాగం బొగ్గులా నల్లబడి అలాగే ఉంటుంది. దీన్ని ముందే చెప్పించుకోండి, తర్వాత కంగారు పడకండి. వెండి పడనివాళ్ళకు, నోట్లో పుళ్ళున్నప్పుడు, నరం దాకా పుచ్చి నొప్పో చీమో ఉన్నప్పుడు రాయకూడదు. చర్మానికి అంటితే కొన్ని రోజులకు పోతుంది, బట్టకు అంటితే పోదు.

రెండోది హాల్ పద్ధతి. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు పుచ్చిన పాలదవడ పన్నును తొలవకుండా, సూది వేయకుండా దాని మీద స్టీలు తొడుగు బిగించేసేది. లోపలి సూక్ష్మజీవులు తిండి అందక మాడిపోతాయి. తర్వాత డండీ పరిశోధకులు 132 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించారు. ఒక్కో బిడ్డకు ఒక పన్నుకు తొడుగు, ఇంకో పన్నుకు మామూలు ఫిల్లింగ్. ఐదేళ్ళ తర్వాత నొప్పో చీమో వచ్చిన పళ్ళు తొడుగు వేసినవాటిలో నూటికి 3, ఫిల్లింగ్ వేసినవాటిలో 16కు పైగా.

ఇవన్నీ విని వైద్యం చేయించేశాం కదా, గట్టున పడ్డాం అనుకోకండి. బ్రిటన్‌లో 1,144 మంది పిల్లలతో జరిగిన ఫిక్షన్ అనే ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. పూర్తిగా తొలిచి నింపినా, పైన మూసేసినా, కేవలం నివారణ మీదే దృష్టి పెట్టినా, మూడు గుంపుల్లోనూ నూటికి నలభై మందికి పైచిలుకు ఎప్పుడో ఒకప్పుడు నొప్పో ఇన్‌ఫెక్షనో వచ్చింది. ఒకసారి పుచ్చడం మొదలయ్యాక ఏ పద్ధతీ పూర్తిగా కాపాడలేకపోయింది.

మత్తు ఇచ్చి చేయాలని చెబితే తొందరపడి తల ఊపకండి. వేరే దారి ఉందా అడగండి. తప్పదంటే మత్తు డాక్టరు ప్రత్యేకంగా ఉంటారా, ఆక్సిజన్, మానిటర్ ఉన్నాయా చూసుకోండి. ఖాళీ కడుపు ఎన్ని గంటలు అంటే అన్ని గంటలూ పాటించండి. "పిల్లాడు ఏడుస్తున్నాడు" అని అమ్మమ్మ చాటుగా పట్టిన పాలు మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

నొప్పి వచ్చిన రాత్రి

పారాసిటమాల్ బిడ్డ బరువుకు తగ్గ మోతాదులో వేసి తెల్లవారాక డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చేయకూడనివే ఎక్కువ:

- లవంగనూనె సీసా పిల్లలకు అందనివ్వకండి, చిగురుకు రాయకండి. చిగురు కాలుతుంది. కొద్ది మిల్లీలీటర్లు మింగినా పసిపిల్లల కాలేయం దెబ్బతింటుంది.
- ఆస్పిరిన్ ఇవ్వకండి, నూరి పంటిలో పెట్టకండి.
- బెంజోకెయిన్ ఉన్న జెల్‌లు రెండేళ్ళలోపు పిల్లలకు వద్దు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి రావచ్చు.
- వాకుడుకాయల పొగ పట్టి పురుగు తీస్తామనే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. పంటిలో పురుగు ఉండదు.
- మిగిలిపోయిన యాంటిబయాటిక్ సిరప్ వేయకండి. వాచిన చెంపకు వేడి కాపడం పెట్టకండి.

చెంప వాచి జ్వరం వచ్చినా, వాపు కంటి దాకా ఎక్కినా, దవడ కిందికి దిగినా, నోరు తెరవలేకపోయినా, ఉమ్ము మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి కష్టమైనా తెల్లవారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోన్ చేయండి.

మా మనవడికి ఒక దంతవైద్య కళాశాలలో ముందు పళ్ళకు ఆ సిల్వర్ ద్రవం రాశారు. "పెళ్ళిళ్ళల్ల ఫోటోలెట్ల అత్తమ్మా?" అని మా మేనకోడలు మొదట కంటతడి పెట్టుకుంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్ళీ కిటికీ దగ్గర పెదవి ఎత్తాను. నల్లటి మచ్చలు గోరుతో తడితే రాయిలా గట్టిగా ఉన్నాయి. కోరపళ్ళ మీద సుద్దగీత పోలేదు గానీ నిగనిగలాడుతోంది, అంటే కరగడం ఆగింది. వాడు నా చెయ్యి తోసేసి వంటింట్లోకి పరుగెత్తాడు. సకినం కొరికిన చప్పుడు ముందు గది దాకా వినిపించింది.